ఆర్.ఎన్.ఏ. చరిత్ర - మెట్టరైతు

విజ్ఞానశాస్త్ర చరిత్రను మనలో చాలామంది రాజుల చరిత్ర రాసే ధోరణిలోనే రాస్తారు. ఫలానా సంవత్సరంలో ఫలానా మహానుభావుడు ఫలానా సత్యం కనిపెట్టాడు, ఆయన తరవాత మరొకాయన పట్టానికి వచ్చాడు, చివరకు బహుమానం పుచ్చుకున్నవాడి పేరు మిగిలింది - ఇదీ వరస. ఈ వరసలో రెండు విషయాలు మరుగున పడతాయి. ఒక సత్యం ఎదుటనే నిలబడి వున్నా దాన్ని చూడనివ్వకుండా శాస్త్రజ్ఞుల కళ్ళకు అడ్డుపడిన భావాలేమిటన్నది మొదటిది. ఆ సత్యం చివరకు ఎవరి చేతికి చిక్కి ఎవరి బతుకును మారుస్తుందన్నది రెండోది. ఈ రెండూ లేకపోతే మిగిలేది పేర్ల పట్టిక.

జీవకణంలో ఆర్.ఎన్.ఏ. అనే పదార్థం నిర్వహించే పాత్రను మనుషులు ఎలా తెలుసుకున్నారన్న కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కథను కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతం నుంచి, నందిగామ జగ్గయ్యపేటల నల్లరేగడి చేలలో నిలబడి చూడటం విపరీతమని కొందరికి తోచవచ్చు. సూక్ష్మదర్శినికి కూడా అందని అణువులకూ, పత్తీ మిరపా వేసుకుని వాన కోసం, ధర కోసం ఎదురుచూసే రైతుకూ సంబంధమేమిటి? సంబంధం వున్నదనీ, అది రానురాను బిగుసుకుంటున్నదనీ చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

కృష్ణాజిల్లా అనగానే బయటివారికి డెల్టా గుర్తుకొస్తుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తరవాత కాలువల కింద మాగాణి విస్తరించింది. ఆ నీటితో అక్కడ చదువులూ, పత్రికలూ, సినిమా పెట్టుబడులూ పెరిగాయి. మెట్ట తాలూకాల చరిత్ర వేరు. మునేరూ, వైరా, పాలేరూ ప్రవహించే ఈ నేల చాలాకాలం ఆకాశం వంకే చూసింది. తరవాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చింది గాని, ఈ ప్రాంతానిది కాలువ చివరి భూముల జాతకం. పైవాళ్ళకు సరిపోగా మిగిలిన నీరే ఇక్కడికి దిగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి పోయింది. జిల్లా పేరు మారినంత సులభంగా మెట్ట మాగాణి కాదు.

ఇది చరిత్ర లేని నేల కాదు. జగ్గయ్యపేట దగ్గర ధనబోడు మీద బౌద్ధస్తూపం వుండేది. 1882లో బర్జెస్ దాన్ని పరిశీలించాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేర ఊరు కట్టించాడు. సరిహద్దుకు అవతల నైజాం రాజ్యం వుండేది. భూమి కోసం జరిగిన పోరాటాల సెగ ఈ వూళ్ళకు తగలకుండా వుండలేదు. ఇక్కడ పంట గురించి మాట్లాడటమంటే విత్తనం, అప్పు, కౌలు, ధర - ఈ నాలుగింటిని గురించీ మాట్లాడటమే. ఆ విత్తనంలోకి జన్యుశాస్త్రం ప్రవేశించింది కాబట్టి జన్యుశాస్త్ర చరిత్ర కూడా ఈ నేల చరిత్రలో భాగమయింది.

2

జీవకణంలో వంశపారంపర్య సమాచారమంతా డి.ఎన్.ఏ. అనే పొడవాటి గొలుసులో వుంటుంది. కణంలో పనులు చేసేవి మాంసకృత్తులు. డి.ఎన్.ఏ.లోని ఒక్కొక్క జన్యువులో ఒక్కొక్క మాంసకృత్తు తయారీకి కావలసిన లిపి వుంటుంది. ఆ లిపిని నకలు తీసుకుని మాంసకృత్తులు తయారయ్యే చోటికి చేరవేసేది ఆర్.ఎన్.ఏ. ఈ చేరవేసే ఆర్.ఎన్.ఏ. వున్నదని 1961లో ప్రయోగపూర్వకంగా రుజువయింది. బ్రెనర్, జాకబ్, మెసెల్సన్ ఒకచోటా, గ్రో, వాట్సన్ మొదలైనవారు మరొకచోటా దీన్ని నిరూపించారు. దానికి 'దూత' అని పేరు పెట్టారు.

ఆ పేరు చేసిన మేలు ఎంతో, కీడూ అంతే. దూత అన్న తరవాత వాడికి సొంత మాట వుండదు. రాజుగారు చెప్పింది మోసుకుపోవడమే వాడి పని. డి.ఎన్.ఏ. ఏలిక, మాంసకృత్తు పనివాడు, నడుమ ఆర్.ఎన్.ఏ. బంట్రోతు - ఈ బొమ్మ పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. సమాజంలోని అంతస్తులను మనిషి తెలియకుండానే ప్రకృతికి అంటగడతాడనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అయితే ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ వున్నప్పుడు, ఆకులో ఒకటీ వేరులో ఒకటీ ఎందుకు పనిచేస్తున్నాయి? ఏ జన్యువు ఎప్పుడు పలకాలో, ఎప్పుడు మౌనంగా వుండాలో నిర్ణయించేదెవరు? ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు పారిస్ నుంచి వచ్చింది. జాకబ్ నాజీలపై యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డవాడు. మోనో ఆక్రమిత ఫ్రాన్సులో ప్రతిఘటనోద్యమంలో పనిచేసినవాడు. జన్యువులను అదుపుచేసే జన్యువులు వేరే వుంటాయని వీరిద్దరూ 1961లో సిద్ధాంతీకరించారు. అదుపుచేసే ఆ పదార్థం బహుశా ఆర్.ఎన్.ఏ. అయివుండవచ్చునని, అప్పటికి దొరికిన ప్రయోగఫలితాలను బట్టి వారు భావించారు. 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ ఆ పదార్థాన్ని వేరుచేసి చూస్తే అది మాంసకృత్తని తేలింది. ఆ ఒక్క జన్యువు విషయంలో అది యథార్థమే. కాని ఒక్క చోట అబద్ధమయిన వూహను అన్ని చోట్లా అబద్ధమేనని కొట్టిపారేశారు. 1969లో బ్రిటెన్, డేవిడ్‌సన్ అనే అమెరికన్లు పైస్థాయి జీవులలో ఆర్.ఎన్.ఏ.యే జన్యువులను నియంత్రిస్తూ వుండవచ్చునని మరోసారి ప్రతిపాదించారు. దాన్ని ఆసక్తిగా చదివి పక్కన పెట్టినవారే ఎక్కువ.

ఇక్కడ మరొక విషయం దాటవేయకూడదు. 1948లో సోవియట్ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ సమావేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్నే బూర్జువా శాస్త్రమని తీర్మానం చేయించాడు. అంతకు ముందే, 1943లో, ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన వవిలోవ్ సరటోవ్ చెరసాలలో చనిపోయాడు. లైసెంకో ధోరణిని 1948లోనే పత్రికాముఖంగా ఖండించినవాడు, అంతకు ముందు కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన మోనో. అభ్యుదయవాదులు ఈ అధ్యాయాన్ని మరిచిపోతే వారికే నష్టం. చేనులో ఏం పండుతుందో తీర్మానాలతో తేలదు. ఈ పాఠం ఒక వైపువారికే వర్తిస్తుందనుకోవడం కూడా పొరపాటే. తీర్మానం చేయలేని పనిని మార్కెట్టు చేయగలదనే నమ్మకం ఇప్పుడు రాజ్యమేలుతున్నది. దాని సంగతి ముందుకు పోయి చూద్దాం.

3

ఆర్.ఎన్.ఏ. గొలుసులో నాలుగు రకాల అక్షరాలున్నాయి. ఎ అనే అక్షరం యు తోనూ, జి అనేది సి తోనూ జత కడతాయి. కాబట్టి ఒక ఆర్.ఎన్.ఏ. గొలుసుకు సరిగ్గా ఎదురు అక్షరాలున్న మరో గొలుసు తారసపడితే, రెండూ రెండు పేటల నూలు పురి పడినట్టు పెనవేసుకుంటాయి. పెనవేసుకున్న దూత ఇక పలకలేడు. ఇంత సరళమైన సూత్రం ప్రకృతిలో వాడుకలో వుందని 1981లో బాక్టీరియాలో బయటపడింది. బాక్టీరియాలో ప్రధాన డి.ఎన్.ఏ. కాక ప్లాస్మిడ్లనే చిన్న వలయాలుంటాయి. అవి లెక్కకు మించి పెరగకుండా ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. మరొక ఆర్.ఎన్.ఏ.ను అడ్డుకుంటున్నదని తొమిజావా, ఇతోలు చూపారు. రెండు గొలుసులూ ఒక్కసారిగా పెనవేసుకోవు. ముందు వాటి మెలికల కొసలు తాకి చూసుకుంటాయి. అక్షరాలు కలిస్తేనే ముడి బిగుస్తుంది. 1984లో ఇనౌయే బృందం బాక్టీరియా సొంత జన్యువులలోనే ఇలాంటి నియంత్రణను చూపింది. "బాక్టీరియాలో విడ్డూరాలు చాలా వుంటాయి" అని పెద్దలు సరిపెట్టుకున్నారు.

తరవాతి సాక్ష్యం పూలతోటలో దొరికింది. 1990లో కాలిఫోర్నియాలో కారొలిన్ నపోలీ, లెమ్యూ, జోర్గెన్‌సెన్ పెటూనియా పూలకు రంగు పెంచాలని రంగు నిచ్చే జన్యువునే అదనంగా చొప్పించారు. పూలు మరింత వూదారంగుకు తిరగలేదు సరికదా, చాలా మొక్కలకు తెల్లపూలు పూశాయి. చొప్పించిన జన్యువూ పలకలేదు, మొదటినుంచీ వున్నదీ పలకలేదు. ఆమ్‌స్టర్‌డాంలో వాన్ డెర్ క్రోల్ బృందానికీ ఇదే అనుభవమయింది. 1992లో రోములో రొమానో, మచీనో బూజులో ఇలాంటిదే చూశారు. మూడు చోట్లా రంగు పోయింది. పోయిన రంగు వెనక ఒకే సూత్రం వుందని అప్పటికి ఎవరూ చెప్పలేకపోయారు.

అంతకు చాలాముందే మొక్కలు సాక్ష్యం చెప్పాయి. 1928లో వింగార్డ్ అనే అమెరికన్ ఒక వైరస్ తగిలిన పొగాకు మొక్కలను పరిశీలించాడు. కింది ఆకులు మచ్చలు పడి పాడయినా, తరవాత వచ్చిన పైఆకులు ఆరోగ్యంగా వున్నాయి. మొక్క తెగులును తట్టుకుని కోలుకున్నది. అది ఎలా జరిగిందో తెలియడానికి 70 ఏళ్ళు పట్టింది. మొక్కలకు వచ్చే వైరస్‌లలో ఎక్కువ భాగం ఆర్.ఎన్.ఏ.తోనే తయారవుతాయి. మొక్క ఆ వైరస్ ఆర్.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, ఆ ముక్కలనే ఆనవాలుగా పెట్టుకుని మిగతా వైరస్‌ను వేటాడుతుంది. వైరస్ కూడా వూరుకోదు. మన మిరప తోటలను కూడా పీడించే కుకుంబర్ మొజాయిక్ వైరస్ ఈ వేటను అడ్డుకోవడానికి ప్రత్యేకంగా ఒక మాంసకృత్తును తయారుచేసుకుంటుంది. ఆకు మీద రైతుకు కనిపించే మచ్చల కింద ఇంత సంఘర్షణ వుంది.

4

1993లో అమెరికాలో రెండు ప్రయోగశాలలు మిల్లీమీటరు పొడవున్న నులిపురుగుపై ఒకేసారి ఒక విషయం తేల్చాయి. లిన్-4 అనే జన్యువు మాంసకృత్తును తయారుచేయదు. దాని నుంచి పుట్టేది 22 అక్షరాల చిట్టి ఆర్.ఎన్.ఏ. అది లిన్-14 అనే జన్యువు తాలూకు దూతకు తోకభాగంలో చాలా చోట్ల అతుక్కుని, ఆ దూత మాంసకృత్తుగా మారకుండా ఆపుతుంది. పురుగు ఒక దశ నుంచి మరో దశకు ఎదగడానికి ఈ ఆపడమే ఆధారం. ఒక పత్రంలో మొదటి రచయిత్రులు రోజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్. ప్రయోగశాల విక్టర్ ఆంబ్రోస్‌ది. రెండో పత్రం గారీ రవ్‌కున్ ప్రయోగశాలది. ఏడేళ్ళపాటు దీన్ని పురుగుకే పరిమితమైన వింతగా చూశారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే మరో చిట్టి ఆర్.ఎన్.ఏ.ను కనిపెట్టి, అదే అక్షరాలతో అది ఈగలో, చేపలో, మనిషిలో కూడా వుందని చూపేసరికి లోకం కళ్ళు తెరిచింది.

ఈలోపు 1998లో ఫైర్, మెల్లో పెద్ద చిక్కుముడి విప్పారు. నులిపురుగులోకి ఒంటిపేట ఆర్.ఎన్.ఏ. ఎక్కిస్తే ఫలితం అంతంత మాత్రం. రెండు పేటలు పెనవేసుకున్న ఆర్.ఎన్.ఏ.ను అతిస్వల్పంగా ఎక్కించినా అదే అక్షరాలున్న జన్యువు మూగపోతుంది. 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బోల్కూంబ్ మూగపోయిన మొక్కలలో సుమారు 25 అక్షరాల ఆర్.ఎన్.ఏ. ముక్కలను పట్టుకున్నారు. 2001లో జంటపేటను ముక్కలు కోసే మాంసకృత్తు దొరికింది. దానికి డైసర్ అని పేరు పెట్టారు. దీంతో పెటూనియా, బూజు, పొగాకు, నులిపురుగు - అన్నీ ఒకే కథలో భాగాలని తేలింది. ఈ ప్రక్రియకు ఆర్.ఎన్.ఏ. జోక్యం అని పేరు.

2006లో ఫైర్, మెల్లోలకు నోబెల్ బహుమానం వచ్చింది. 2024లో ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు వచ్చింది. వారు అందుకు అర్హులు కారని ఎవరూ అనలేరు. కాని పూలలో మొదట చూసిన నపోలీ, జోర్గెన్‌సెన్ ఆ పట్టికలో లేరు. మొక్కలలో ముక్కలను పట్టుకున్నవారు లేరు. ప్రయోగం చేసి పత్రంలో మొదటి పేరుగా నిలిచిన రోజలిండ్ లీ లేదు. బహుమానం ముగ్గురికి మించి ఇవ్వరాదన్న నియమం ఒకటి వుంది. విజ్ఞానం మాత్రం ముగ్గురితో తయారుకాదు. మొక్కల శాస్త్రజ్ఞుల మాట జంతు శాస్త్రజ్ఞులు వినకపోవడం, బాక్టీరియా మాట ఇద్దరూ వినకపోవడం ఈ కథలో అసలు జాప్యానికి కారణం. అందరూ వినకపోవడానికి మూలం ఆ 'దూత' బొమ్మే.

మన తెలుగుదేశానికీ ఇందులో పాత్ర వుంది. హైదరాబాదులో 1977లో పి. ఎం. భార్గవ నాయకత్వాన సి.సి.ఎం.బి. ఏర్పడింది. శాస్త్రీయ దృక్పథం పౌరుడి ధర్మమని జీవితాంతం వాదించిన మనిషి ఆయన. ఉత్పల్ భద్రా, మణికా పాల్ భద్రా అమెరికాలో బిర్చ్‌లర్ వద్ద పనిచేస్తూ 1997లో పండ్ల ఈగలో జన్యువు ప్రతులు పెరిగినకొద్దీ అది మూగపోతుందని చూపారు. జంతువులో ఇది తొలి నిదర్శనాలలో ఒకటి. తరవాత వారు హైదరాబాదుకు వచ్చారు. ఆర్.ఎన్.ఏ. జోక్యానికి పనికివచ్చే యంత్రాంగమే డి.ఎన్.ఏ. ముద్దకట్టి మూసుకుపోయే ప్రక్రియలో కూడా పాల్గొంటుందని 2004లో వెలువడిన పరిశోధనలో వారి పాత్ర ముఖ్యమైనది. నందిగామ మీదుగా పోయే జాతీయ రహదారి మీద నాలుగైదు గంటల దూరంలో ఈ పని జరిగింది. మన పత్రికలలో దాన్ని గురించి ఎన్ని పుటలు వచ్చాయో పాఠకులే లెక్క చూసుకోవచ్చు.

5

ఇక చేను సంగతి. పత్తిచెట్టులో గాసిపాల్ అనే విషపదార్థం వుంది. అది చెట్టుకు ఆయుధం. పురుగులను దూరంగా వుంచుతుంది. గింజలో కూడా వుండటం వల్ల పత్తిగింజ మనిషికి ఆహారంగా పనికిరాదు. నెమరువేసే పశువులు తట్టుకోగలవు కాబట్టి పత్తిచెక్క మన గేదెల కుడితి తొట్లలోకి పోతున్నది. ఒక కిలో దూదికి సుమారు 1.65 కిలోల గింజ వస్తుంది. గింజలో దాదాపు 23 శాతం మాంసకృత్తులున్నాయి. 2006లో టెక్సాస్‌లో కీర్తి రాథోడ్ బృందం ఆర్.ఎన్.ఏ. జోక్యంతో గింజలో మాత్రమే గాసిపాల్‌ను తగ్గించింది. ఆకులో, కాయలో విషం యథాప్రకారం వుంది. చెట్టు ఆయుధం చెట్టుకు మిగిలింది. ఆ పత్తి సాగుకు 2018లో, గింజను ఆహారంగా వాడటానికి 2019లో అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది.

2007లో షాంఘైలోని చైనా శాస్త్రజ్ఞులు దీన్నే మరోవైపు నుంచి పట్టుకున్నారు. శనగపచ్చ పురుగు గాసిపాల్‌ను జీర్ణించుకోవడానికి ఒక జన్యువును వాడుకుంటుంది. ఆ జన్యువుకు ఎదురయిన జంటపేట ఆర్.ఎన్.ఏ.ను మొక్కలో తయారుచేయించి పురుగుకు తినిపిస్తే, పురుగు గాసిపాల్‌కు తట్టుకోలేక ఎదుగుదల కోల్పోయింది. అమెరికాలో 2023 డిసెంబరులో బంగాళాదుంపను తినే పెంకుపురుగుపై చల్లే ఆర్.ఎన్.ఏ. మందుకు అనుమతి లభించింది. అక్షరాల పొందిక మీద ఆధారపడ్డ మందు కాబట్టి, అక్షరాలు కలవని తేనెటీగలను అది వదిలిపెడుతుందన్నది దాని వెనక వున్న ఆశ.

ఇది విని మెట్టరైతు సంబరపడవలసిన పని లేదు. అనుమానించవలసిన కారణాలు మటుకు చాలా వున్నాయి. పెంకుపురుగుల మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. పత్తిని తొలిచే సీతాకోకచిలుకల జాతి పురుగుల కడుపులో జంటపేట ఆర్.ఎన్.ఏ. త్వరగా కరిగిపోతుంది, ఫలితం ఒకచోట వున్నట్టు మరోచోట వుండదు. రెండో సంగతి, పురుగు కూడా పరిణామం చెందుతుంది. 2002 మార్చిలో మనదేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అప్పుడు వచ్చిన మూడు సంకర రకాలకూ ఆంధ్రప్రదేశ్‌లో 2005లో అనుమతి పొడిగించలేదు. తరవాత వచ్చిన రకాలు దేశమంతా అల్లుకున్నాయి. 2010 నాటికి గులాబిరంగు పురుగు గుజరాతులో మొదటి బీటీకి లొంగడం మానింది. ఆ తరవాత కొద్ది ఏళ్ళకే రెండోదానికీ లొంగలేదు. ప్రకృతిలో ఒక్క ఆయుధాన్ని నమ్ముకున్నవాడు ఓడిపోతాడు.

మూడో సంగతి అన్నిటికంటే ముఖ్యం. బీటీ మన దేశానికి సంకర విత్తనంలో వచ్చింది. సంకర విత్తనాన్ని రైతు దాచుకుని మరుసటేడు వేసుకోలేడు. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయల పైచిలుకుండేది. అందులో ఎక్కువ భాగం జన్యువు తాలూకు రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు ఫిర్యాదు చేసిన మీదట ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. సగానికి సగం దిగినా అమ్మకాలు ఆగలేదు, కంపెనీలు మూతపడలేదు. అంతకు ముందు వసూలయిన సొమ్ము దేనికి మూల్యమో ఈ ఒక్క అంకె చెబుతుంది. 1997-98లో వరంగల్లు పత్తిరైతుల ఆత్మహత్యలు చూసిన రాష్ట్రం అది.

మిరపకూ ఇదే నీతి వర్తిస్తుంది. 2021-22లో కొత్త జాతి తామరపురుగు రెండు తెలుగు రాష్ట్రాల మిరప తోటలలో పూతను నాశనం చేసింది. పైముడత, కిందిముడత అని ఆకు ముడుచుకున్న తీరును బట్టి పురుగేదో, నల్లి ఏదో చెప్పగల రైతుకు ఈ కొత్తది అంతుపట్టలేదు. చేతికి దొరికిన మందల్లా కొట్టాడు. అప్పు పెరిగింది, పురుగు తగ్గలేదు.

6

ఈ చరిత్ర నుంచి తేలే విషయాలను ఒకచోట చేర్చి చూద్దాం.

జీవకణంలో ఏలికలూ బంట్రోతులూ లేరు. డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ., మాంసకృత్తులు ఒకదాన్నొకటి అదుపుచేసుకుంటూ నడుస్తాయి. ఈ యథార్థాన్ని మనుషులు ఆలస్యంగా గ్రహించడానికి సాధనాల కొరత కొంతే కారణం. తమ సమాజంలోని అంతస్తులను కణంలో వెతుక్కోవడం కూడా కారణమే. ఈ జ్ఞానం పూలతోటలో, బూజులో, పొగాకు ఆకులో, పురుగులో వందలమంది శ్రమతో సమకూడింది. అందులో చాలా భాగం ప్రజలు కట్టిన పన్నులతో నడిచే సంస్థలలో జరిగింది. అటువంటి జ్ఞానం చివరకు ఒక ప్యాకెట్టులో చేరి, ప్యాకెట్టు మీద ఒకరి పేరే మిగలడం న్యాయం కాదు.

జన్యుశాస్త్రమంటేనే కంపెనీల కుట్ర అని కొట్టివేయడం ఒక ధోరణి. కంపెనీ తెచ్చిందల్లా విజ్ఞానమేనని చేతులు జోడించడం మరొక ధోరణి. మొదటిదాని గతి లైసెంకో చరిత్రలో చూశాం. రెండోదాని ఫలితం గులాబిరంగు పురుగు చెబుతున్నది. ఈ రెండింటికీ దూరంగా మరో దారి వుంది. జగ్గయ్యపేట మండలంలోనే గరికపాడులో వ్యవసాయ పరిశోధనా కేంద్రం వుంది. గుంటూరు దగ్గర లాం వుంది. నంద్యాల కేంద్రం ఒకప్పుడు నరసింహ వంటి పత్తి రకాలను రైతు దాచుకుని మళ్ళీ వేసుకోగల విత్తనంగా ఇచ్చింది. చిట్టి ఆర్.ఎన్.ఏ.ల విద్య అలాంటి కేంద్రాలలో, మన నేలకూ మన పురుగులకూ తగినట్టుగా, రైతు ఎదుట పరీక్షకు నిలబడాలి. ఫలించినదాన్నీ, ఫలించనిదాన్నీ తెలుగులో చెప్పాలి.

ఆ చెప్పే బాధ్యత శాస్త్రజ్ఞులది మాత్రమే కాదు, రచయితలది కూడా. మన విమర్శకులు కవిత్వంలో ఒక మాట ఎక్కడి నుంచి వచ్చిందో పుటలకొద్దీ చర్చిస్తారు. రైతు కొనే గింజలోకి ఒక మాట ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి ధర ఎవరు కట్టారో చర్చించడం కూడా విమర్శకుడి పనే. నందిగామ పత్తిచేను అందుకు చాలినంత పెద్ద విషయం.